బిల్కీస్ తీయని తలుపు

మస్కట్‌లో హమ్రియా పేటలోని ఆ క్యాసెట్ల షాపు పొద్దున తొమ్మిదింటికి తెరిచేవాళ్ళు. జిలాని షట్టర్ ఎత్తి, నేల తుడిచి, డబల్ డెక్ మీద దుమ్ము దులిపి కాపీలు మొదలుపెట్టేవాడు. ఒకవైపు అసలు క్యాసెట్టు, రెండోవైపు ఖాళీది. ఒంటిగంటకు షట్టర్ దించడం, నాలుగింటికి ఎత్తడం, మళ్ళీ అదే పని. ప్రొద్దుటూరు నుంచి వచ్చి మూడేళ్ళు దాటింది. రెండేళ్ళకొకసారి సెలవని అగ్రిమెంటులో ఉంది. అడిగినప్పుడల్లా అర్బాబ్, అంటే షాపు యజమాని, "వచ్చే నెల" అనేవాడు. ఆ వచ్చే నెల ఏ క్యాలెండర్లో ఉందో ఆయన చెప్పడు, పాస్‌పోర్టేమో ఆయన బీరువాలో ఉంది.

ఇది తొంభై ఒకటి నాటి మాట. టీవీకి తగిలించే కంప్యూటర్లుండేవి. వాటి ఆటలు క్యాసెట్లలోనే వచ్చేవి. క్యాసెట్టు పది నిమిషాలు కీచుమని గోల చేశాక ఆట తెర మీదికొచ్చేది. బాగా పోయేవి స్పెయిన్ వాళ్ళవి. మాడ్రిడ్‌లో నలుగురు మనుషులు ఒక అద్దె వాటాలో కూర్చుని చేసిన ఆట ఒకటుంది. టోపీ పెట్టుకున్న బుల్లి మనిషి కోటలు దాటుకుంటూ పోవాలి. ఆ నలుగురి ఆటలన్నీ అంతే, ఆడేవాణ్ణి ఏడిపించి చంపుతాయి, అయినా జనం వదలరు. మొదటి భాగం ఒకవైపు, రెండో భాగం రెండోవైపు ఉండేది.

మనవాళ్ళకు ఊరి ఉత్తరాలు కూడా క్యాసెట్లే. మాట్లాడి రికార్డు చేసి, ఊరికి పోయేవాళ్ళ చేతికిస్తే, ఇంట్లోవాళ్ళు విని, దానిమీదే జవాబు మాట్లాడి పంపేవాళ్ళు. జిలాని అందుకు షాపు క్యాసెట్లే వాడేవాడు. అన్నీ ఒకే రంగు, అన్నీ ఒకే పెట్టెలో. మే నెలలో ఆ ఆట అసలు క్యాసెట్టు మెషిన్లో చుట్టుకుని, రెండో భాగమున్న చోట టేపు తెగింది. దాచిన కాపీ ఉంది కదా అని పెట్టెలో చెయ్యిపెట్టి ఒకటి తీసి, వినకుండానే నలభై కాపీలు కొట్టేశాడు.

అది కాపీ కాదు. తన రూమ్‌లో ఉండే పెంచలయ్య సెలవుకు పోయి వస్తూ తెచ్చిన ఉత్తరం, జిలాని భార్య బిల్కీస్‌ది. పెంచలయ్య కంపెనీ సెలవులిస్తుంది, ఏం చేద్దాం. జిలాని ఆ ఉత్తరం అప్పటికే నాలుగుసార్లు విన్నాడు.

"మస్కట్ నుంచి ఎవరొచ్చినా ముందు మన తలుపే కొడతారు. నువ్వేనని పరిగెత్తుతా. చూస్తే ఎవరో, చేతిలో సబ్బులూ, క్యాసెట్టూ. పాప గూడా నా యెనకాలే పరిగెత్తుతాది. నాకు యాష్టకొచ్చింది. ఇంక ఎవరు కొట్టినా తీయను. నువ్వొచ్చి పిలిస్తేనే తీస్తా."

నలభై క్యాసెట్లూ వారంలో అమ్ముడుపోయాయి. ఆటలో రెండో భాగంగా ప్రొద్దుటూరులోని జిలాని ఇల్లు వచ్చింది. నాపరాళ్ళ అరుగు, చేతిపంపు, తాడు మీద పచ్చ చీర. టోపీ మనిషి కంప దాటి, కుక్కను తప్పించుకుని, చేతిపంపు మీంచి దూకి, అరుగెక్కి తలుపు కొడతాడు. తలుపు తెరుచుకోదు. కోట ఉండాల్సిన చోట ఇల్లేమిటని ఒక్కరూ అడగలేదు. తలుపెందుకు తీయరన్నదే అందరి గొడవ. ఇబ్రి నుంచి ఒక టాక్సీ డ్రైవర్ పని మానుకుని వచ్చి క్యాసెట్టు బల్ల మీద పడేసి పోయాడు.

జిలాని షాపు టీవీలో పెట్టి చూశాడు. టోపీ మనిషి తలుపు కొట్టగానే కిటికీలో ఒక చిన్న తల కనిపించి పోయింది. పాప అతను వచ్చాక పుట్టింది. అంతవరకు ఫోటోలోనే చూశాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ కొట్టాడు. తీయలేదు. కొట్టేది టోపీవాడాయె, ఆమె ఎందుకు తీస్తుంది? చేతిలో మీట తన ఇంటి తలుపు దాకా తీసుకుపోతుంది, లోపలికి మాత్రం పోనివ్వదు. ఒళ్ళుమండి కీబోర్డును గుద్దాడు.

ఎవరి ఇల్లో తెలిశాక అర్బాబ్ కేకలేశాడు. నీ పెళ్ళామే కదా, తీయమని చెప్పు అన్నాడు.

"నేను పోయి పిలిస్తేనే తీస్తాది, అర్బాబ్."

"వచ్చే నెల."

అర్బాబ్ మాడ్రిడ్‌కు ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేయించాడు, ఎవరిదో ఇల్లొస్తోంది, లోపలామె తన మనిషి పిలిస్తేగాని తలుపు తీయదు, రెండో భాగం మళ్ళీ పంపండని. ఈలోపు ఆయనకే ఆట పట్టుకుంది. నొక్కి నొక్కి వాచిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని రోజంతా తలుపు కొట్టేవాడు. ఆరు వారాలకు జవాబొచ్చింది, స్పానిష్‌లో. ఆ దేశపు ఓడలో ఏడేళ్ళు వంట చేసిన గంగాధరాన్ని మత్రా రేవు నుంచి పిలిపించారు. అతను కళ్ళద్దాలు పెట్టుకుని, ఆగి ఆగి అర్థం చెబుతూ చదివాడు.

"ఇక్కడ మా క్యాసెట్లలోనూ ఆ ఇల్లే వస్తోంది. మేం కట్టలేదు. అంత మంచి చేతిపంపు గీయడం మాకు రాదు. నెల దాటింది, నలుగురం ఆ తలుపు దగ్గరే ఉన్నాం. కొత్త కంప్యూటర్లొచ్చాయి, మా ఆటలు కొనేవాళ్ళు లేరు. ఈ నెలాఖరుకు కంపెనీ మూసేస్తున్నాం. ఈలోపు ఒక్కసారి అది తెరుచుకుంటే చూడాలని ఉంది. ఆమె ఎదురుచూసే మనిషి మీ దగ్గరుంటే దయచేసి పంపండి."

అర్బాబ్ బొటనవేలి గుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. తరవాత లేచి బీరువా తెరిచాడు.

"నలభై రోజులు. తలుపు తీయించి రా."

జిలాని విమానమెక్కిన మర్నాడు సాయంత్రం షాపులో నిలబడ్డానికి చోటు లేదు. తెర మీద టోపీ మనిషి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అర్బాబ్ మీట వదిలేసి చూస్తున్నాడు. కుడివైపు అంచు నుంచి పెద్ద పెట్టె మోసుకుంటూ ఇంకో బుల్లి మనిషి వచ్చాడు. కుక్క అతని కాళ్ళకు చుట్టుకుంది. అతను టోపీవాణ్ణి చేత్తో పక్కకు జరిపాడు. అంతవరకు కుయ్ కుయ్ మనడం తప్ప తెలియని ఆ కంప్యూటరు, జిలాని గొంతుతో "బిల్కీసూ" అంది.

తలుపు తెరుచుకుంది. ఆమె అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. పాప పెట్టెను తోసింది. తలుపు మూసుకుంది. మళ్ళీ కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి టోపీవాడికి చెంబుతో నీళ్ళందించి, గొళ్ళెం పెట్టుకుంది. స్పానిష్‌లో సమాప్తం అని పడింది. మాడ్రిడ్‌లో ఆ నలుగురూ చూసే ఉంటారు, నెలాఖరుకు ఇంకా రెండు రోజులున్నాయి.

నలభై రోజులు దాటాయి. అరవై దాటాయి. అర్బాబ్ రోజూ ఆట పెట్టుకుని తలుపు కొడుతూనే ఉన్నాడు. ఒకరోజు లోపలినుంచి చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"మా నాయన లేడు."

దాని వెనక నవ్వాపుకుంటున్న మగగొంతు స్పష్టంగా వినబడింది. ఏమంటోందని అర్బాబ్ పెంచలయ్యను అడిగాడు.

"లేడంట, అర్బాబ్," అన్నాడు పెంచలయ్య. "వచ్చే నెల రమ్మంటాండాది."