మూడో రోలరు

దయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్లుమంట. ముప్పయ్యేళ్లుగా మిషన్ల కింద వెల్లకిలా పడుకుని బతుకుతున్నవాణ్ణి. ఏ ఇనుము ఎందుకు మూలుగుతుందో నాకు తెలియదా? అందుకే సామ్సన్ ఫోన్ చేసి, "ఈరేషన్నా, కింద నుంచి మల్లా కొడతాండాడన్నా" అన్నప్పుడు తిట్టిపోశాను.

"భీమన్న సచ్చి ఏడాదాయె గదప్పా! కొట్టేది మూడో రోలరు. బుష్షు అరిగిపోయింటాది. వస్తాండా, నోరు మూసుకోని కూసో."

సామ్సన్ వరికోత చైన్ మిషన్ డ్రైవరు. మిషనుకు చక్రాల బదులు రెండు పక్కలా రబ్బరు చైన్లు, చైను లోపల బరువు మోసే రోలర్లు ఉంటాయి. మధ్యాహ్నం కోత మడిలో నీడంటే ఆ మిషను కిందే. కూలీలు అక్కడే నడుం వాలుస్తారు. అందుకని మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. తాళం తిప్పే ముందు డ్రైవరు దిగి, నట్లు బిగించే పానతో చైను ఫ్రేము మీద మూడు దెబ్బలు కొట్టాలి. కింద ఎవరన్నా ఉంటే తిరిగి ఒక్క దెబ్బ కొట్టాలి. జవాబు రాకపోతేనే స్టార్టు.

పోయినేడాది నందవరం దగ్గర, ఇప్పుడు మిషను ఉన్న మడిలోనే, చైన్లకు పట్టిన మట్టి గీకే భీమన్న ఆ నీడలో పడుకుని చైను కింద నలిగిపోయాడు. సామ్సన్ అసలు కొట్టనేలేదని ఊరంతా అంది. వాడు బియ్యం మూట మోసుకుపోతే భీమన్న భార్య కవిత గడప దాటనివ్వలేదు. "మా ఆయన్ని లేపకుండానే తొక్కిస్తివి గదరా!" అని వీధిలో నిలబెట్టి ఏడ్చింది. వాడు మాత్రం నాకు నూరుసార్లు ఒకటే చెప్పాడు. "కొట్టినానన్నా. మెల్లగా కొట్టినానేమో. గట్టిగా కొట్టింటే లేసేటోడు." ఆ మాట వచ్చినప్పుడల్లా నేను వేరే పని చూసుకునేవాణ్ణి.

ఏడాదిగా షెడ్డులో మూలపడ్డ మిషన్ను ఓనరు మొన్న బయటికి తీయించాడు. ఎవరిచేతనో తోలించి మడిలో పెట్టించి, ఈ రోజు సామ్సన్ కోత మొదలుపెట్టకపోతే రేపు వేరే డ్రైవరని తెగేసి చెప్పాడు. మనిషిని తొక్కించాడన్న పేరున్నవాణ్ణి ఇంకెవరు పిలుస్తారు? వాడికి వేరే పని రాదు.

ఆదోనిలో నాలుగు కొత్త రోలర్లు కొనుక్కుని, మిట్టమధ్యాహ్నానికి మడి చేరాను. చుట్టూ పండిన వరి. మనిషి జాడ లేదు. గట్టు మీద సామ్సన్ ఒక్కడే పాన పట్టుకుని కూర్చున్నాడు. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది.

మిషన్ను జాకీల మీదికి లేపాం. బిగువు వదులు చేసి ఎడమ చైను దించాం. మూడో రోలరు పట్టుకుని ఊపితే దడదడలాడింది.

"సూడు, ఇదే నీ దయ్యం" అన్నాను.

వాడు నవ్వలేదు. "నాలుగూ మార్సన్నా" అన్నాడు.

నాలుగూ మార్చాను. కొత్త బేరింగులు, కొత్త సీళ్లు. చైను ఎక్కించి, బిగించి, జాకీలు దించాను. రోలరు రోలరునూ కాలితో తన్ని చూశాను. వెంట్రుకవాసి కదలలేదు.

"ఇంగ కొట్టు" అన్నాను.

మూడు దెబ్బలు కొట్టాడు. ఆగాం.

కింద నుంచి ఒక్క దెబ్బ, టంగుమని.

తిట్టుకుంటూ మోకాళ్ల మీద వంగి చూశాను. నలిగిన వరి దుబ్బులు తప్ప ఏమీ లేవు. లేవబోతూ చైను లోపలి అంచు చూశాను. నేను ఎక్కించినప్పుడు దాని నిండా ఎండిన మట్టి ఉంది. ఇప్పుడు జానెడు మేర ఎవరో పానతో గీకినట్టు శుభ్రంగా ఉంది. రాలిన పెళ్లలు కింద కుప్పగా ఉన్నాయి.

"మల్లా కొట్టు."

కొట్టాడు. మళ్లీ అదే దెబ్బ.

సామ్సన్ నా వైపు తిరిగాడు. "రోలరేనా అన్నా?"

పోయినేడాది కూడా ఇదే మాట అడిగాడు. అప్పుడు నేను ఈ గట్టు మీదే సంగటి ముద్ద చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆ మూడో రోలరు అరిగిందని నాకు వారం ముందే తెలుసు. రేపు మాపు అంటూ మార్చలేదు. పైన కొట్టినప్పుడల్లా అది కదిలి ఒకసారి దడక్కుమనేది. ఆ రోజు వినబడింది దడక్కు కాదు, ఇనుము మీద ఇనుము. తేడా నా చెవికి తెలిసింది. లేచి వంగి చూడడానికి బద్ధకమేసింది. "రోలరేలేప్పా, పోనీ" అన్నాను.

ఇప్పుడూ ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు" అన్నాను. "ఆ పొద్దు గూడా కాదు సామ్సనూ. నువ్వు గట్టిగానే కొట్టినావు. వాడు లేసినాడు. జవాబు గూడా కొట్టినాడు. నేనే రోలరంటి."

టూల్ బాక్సు అడుగు అర లాగి, గుడ్డలో చుట్టిన చిన్న పాన తీశాను. భీమన్న మట్టి గీకే పాన.

"వాని పిడికిట్లో ఉండె. నువ్వు సీటు దిగి వచ్చేలోపల నేనే పెరికి దాసినా. నా పేరు పోతాదని. తప్పు జేసినానప్పా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆ పాన అందుకుని, మిషను పక్కన మోకరిల్లి, దాంతోనే మూడు దెబ్బలు కొట్టాడు.

చాలాసేపు ఆగాం. కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు.

ఇక తాళం తిప్పొచ్చు. మిషను సిద్ధంగా ఉంది, పైరు సిద్ధంగా ఉంది. సామ్సన్ తాళం జేబులో వేసుకుని నా మోటార్ సైకిల్ దగ్గరికి నడిచాడు.

"రా అన్నా."

"యాడికప్పా?"

"కవితక్క ఇంటికి" అంటూ పాన తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇది యాడ దొరికిండాదో నువ్వే సెప్పల్ల."

దాన్ని పిడికిట్లో పట్టుకుని బండెక్కాను.