డ్రైవరు వెనక సీటు

మూడు నెలలపాటు నేను ఒక మనిషి మెడను ఫొటోలు తీశాను. రోజూ పొద్దున్నే పద్దెనిమిదో నంబరు బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని తీశాను. మెడ మీద రెండు మడతలు, వాటి మధ్య ఒక పుట్టుమచ్చ. ఆ మచ్చను చూస్తేనే నాకు ఒళ్లు మండిపోయేది.

అంతకుముందు నాకు ఎవరి మీదా ఇంత కోపం లేదు. ఒక వారపత్రికలో ఆఖరి పేజీ నాది. బస్సుల్లో, రైళ్లలో, ఏరు దాటే పడవల్లో తిరుగుతూ కంటికి నచ్చింది తీసి, కింద నాలుగు ముక్కలు రాసివ్వడం నా పని. నిలబడే నిద్రపోయి, తన స్టాపు రాగానే అలారం మోగినట్టు కళ్లు తెరిచే నర్సు. ఒకే గొడుగు కింద ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డ మొగుడూ పెళ్లాం. ఇలాంటివే, పెద్ద విషయాలేమీ కావు. నాకొక పిచ్చి కూడా ఉంది. మనుషుల్ని నేరుగా తీయను, దుకాణాల అద్దాల్లో తీస్తాను. కెమెరా తమవైపు లేదు కాబట్టి ముఖాలు బిగబట్టుకోరు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది కదా, అందుకని ఇంటికొచ్చాక అలాంటివన్నీ ఒక్కసారే కంప్యూటర్లో తిప్పి దాచుకుంటాను. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి.

మా అక్క దర్జీ. నన్ను పెంచింది ఆ కుట్టుమిషనే. ఆ రోజు ఇద్దరం మార్కెట్టుకెళ్లి దారాలూ బొత్తాలూ కొనుక్కుని బస్టాపుకొచ్చాం. మా ఇంటివైపు రెండు బస్సులు వెళ్తాయి, పద్దెనిమిది, ఎనభై ఒకటి. ఏది ముందొస్తే అదెక్కుతాం, నంబరు చూడం. స్టాపు వెనకే కళ్లజోళ్ల దుకాణం. దాని అద్దం శుభ్రంగా మెరుస్తుంటే నా చేతులు ఊరుకుంటాయా? వరసగా తీస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చింది. "ఒరేయ్, రా!" అని కేకేసి అక్క మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు పెట్టేలోపే బస్సు కదిలింది. ఆమె కుడి మణికట్టు మీద పడింది. బస్సు ఆగలేదు.

ఆసుపత్రిలో ఎక్స్-రే గది బయట బెంచీ మీద కూర్చుని కెమెరా తీసి చూశాను. ఒక్క ఫొటోలో అంతా ఉంది. బస్సు ముఖం, నుదుటి మీద నంబరు, పక్కన నేలమీద అక్క. మిగతా రాతలన్నీ మసక. నంబరు పద్దెనిమిది. అక్కడికక్కడే ఫోన్లోకి ఎక్కించుకుని డిపోకి పంపాను. వీడి అంతు చూడకపోతే నేను మా అక్క తమ్ముణ్నే కాదనుకున్నాను.

ఎముక అతుక్కుంది. వేళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. అక్క కత్తెరలో వేళ్లు దూర్చగలదు, మూయలేదు. ముప్ఫై ఏళ్లుగా టకటకలాడిన మిషను మీద ఇప్పుడు మందుల సంచి ఉంటోంది.

ఆ వేళకి ఆ దారిలో పద్దెనిమిది తోలినవాడు ఒక్కడేనని డిపోలో తేల్చారు. "నేను కాదు సార్, నా బస్సు అలా కదలదు" అన్నాడట. విచారణ జరుపుతామన్నారు. జరిపేవాళ్ల తీరు తెలిసినవాణ్ని కాబట్టి, సాక్ష్యం నేనే పోగుచేద్దామని ఆ సీట్లో చేరాను.

ఆ బస్సు జనం అతన్ని నిదానం బాబాయి అంటారు. ముసలమ్మ ఎక్కుతుంటే, "నిదానం అమ్మా, నిదానం. బస్సు నీకోసమే ఆగింది" అంటాడు. ఆవిడ కూర్చునేదాకా అద్దంలో చూసి, ఆ తర్వాతే కదిలిస్తాడు. నేను పళ్లు నూరుకునేవాణ్ని. విచారణ నడుస్తోందని ఎంత వినయం! మా అక్క ఎక్కినప్పుడు ఏమైంది ఈ నిదానం?

నేనెవరో అతనికి తెలుసు. అయినా రోజూ, "కూర్చోండి సార్, ఎండ పడకుండా ఇటు జరగండి" అనేవాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా మంటెక్కేది.

ఇంటికెళ్లగానే అక్క అడిగేది. "ఇవాళేం దొరికింది?"

"ఒంటిచేత్తో తోలాడు. ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమేనా?" అనేది, కూర తక్కువ వడ్డించినట్టు ముఖం పెట్టి. పడ్డనాటి ఫొటో చూపించబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టేది. "నేను పడ్డది నేను చూడను. వాడు పడ్డాక చెప్పు, అది చూస్తా."

నా పేజీ చచ్చిపోయింది. ఎడిటరు ఫోన్ చేసి, "ఏంటయ్యా, నాలుగు వారాలుగా మెడలు పంపుతున్నావు? పాఠకులకు ముఖాలు కావాలి" అన్నాడు. నిద్రపోయే నర్సు నా పక్కనే నిలబడి నిద్రపోయేది. నేను చూసేవాణ్ని కాదు.

చివరికి పండగలాంటి రోజొకటి వచ్చింది. పెద్ద సిగ్నలు దగ్గర బాబాయి జేబులోంచి మాత్రల పట్టీ తీశాడు. పంటితో చింపి రెండు నోట్లో వేసుకుని నీళ్ల సీసా ఎత్తాడు. ఇంతలో పచ్చలైటు పడింది, వెనకవాళ్లు హారన్లు కొట్టారు. సీసా నోట్లో ఉండగానే బస్సు కదిలింది. స్టీరింగు మీద ఒక్క చెయ్యీ లేదు. తల పైనున్న అద్దంలో ఇదంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే టకటకా తీశాను. పట్టీ మీద మందు పేరు కూడా చదవొచ్చు. గుండె జబ్బు మందు. ఆ సాయంత్రం దాన్ని కంప్యూటర్లో పెట్టి, పద్ధతిగా తిప్పి, సరిచేసి పంపాను. సంతోషంతో నాకు అన్నం సహించలేదు.

విచారణ సోమవారమన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఫొటోలన్నీ అచ్చు వేయించి తెచ్చి, అక్క బట్ట కత్తిరించే బల్ల మీద వరసగా పేర్చాను. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. రేపటితో వాడి పని అయిపోతుందన్న ధైర్యంతో కాబోలు, మొట్టమొదటి ఫొటో, తను పడ్డనాటిది, చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఈ చొక్కా నేను కుట్టింది కాదు."

"నువ్వు కుట్టిందే కదే, చీర మీద వేసుకునే పనిచొక్కా. చాక్‌పీసూ టేపూ పెట్టుకుంటావు చూడు."

"నా చొక్కాకి జేబు ఎడమవైపు ఉంటుంది. కుడిచేత్తో చాక్‌పీసు తీసుకోవాలి కదరా. ఇందులో కుడివైపుంది. ఇటు జేబు కుట్టేంత తెలివితక్కువదాన్నా నేను?"

నేను నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆసుపత్రి బెంచీ గుర్తొచ్చింది. ఆ ఫొటో అద్దంలో తీసింది. ఇంటికొచ్చాక తిప్పాలి. బెంచీ మీంచి నేరుగా పంపేశాను. ఇరవై ఏళ్లుగా తిప్పుతున్నవాణ్ని, దీన్నీ తిప్పే ఉంటానన్న నమ్మకంతో మూడు నెలలు తిరిగాను. ఒకటి అంటే నిలువు గీత, ఎనిమిది అంటే ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలు. అద్దంలో ఈ రెండింటికీ రూపం మారదు, చోటు మారుతుంది. మా అక్కను పడేసింది ఎనభై ఒకటి.

మూడుసార్లు మొదలుపెడితే గానీ అక్కకు చెప్పలేకపోయాను. విని, ఆమె ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

నా బుద్ధి ఎలాంటిదో కూడా చెప్పాలి. రేపు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఇంత కోపం పోగుచేసి, ఇప్పుడు దాన్ని ఎక్కడ పారబోయను? ఆ మెడను అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు.

"రేపు వెళ్లి చెప్తావు," అంది అక్క. "రోజూ ఏం దొరికిందని అడిగినదాన్ని నేను. నువ్వు చెప్పకపోతే నేనే వెళ్లి చెప్తా."

చెప్పాను. డిపో ఆఫీసులో పొడుగు బల్ల, అవతల పెద్దసారు, గోడవారగా చేతులు కట్టుకుని నిదానం బాబాయి. జేబు సంగతి చెప్పాను, అద్దం సంగతి చెప్పాను, తప్పు నాదన్నాను. పెద్దసారు ఫొటోను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "సరే, ఈ ఫిర్యాదు కొట్టేస్తున్నాం" అన్నాడు. నేను ఊపిరి వదిలాను.

ఆయన ఇంకో ఫొటో బయటికి తీశాడు. "మరి ఇది?"

మాత్రల ఫొటో.

"అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను సార్."

"మీరు వెనక్కి తీసుకుంటే ఇతని గుండె బాగుపడుతుందా? జబ్బు దాచిపెట్టి, చేతులు వదిలేసి యాభై మందితో బండి తోలాడు. ఇది అబద్ధమా?"

అబద్ధం కాదు. దాన్ని నేను పద్ధతిగా తిప్పాను కూడా.

పావుగంటలో అయిపోయింది. ఇక బండి తోలకూడదు, గేటు దగ్గర బస్సుల రాకపోకలు రాసుకునే పనిలో వేస్తామన్నారు. ఎనభై ఒకటి మీద కొత్తగా అర్జీ పెట్టుకోమని నాకొక తెల్లకాగితం ఇచ్చారు. అది ఇప్పటికీ నా సంచిలో మడతపెట్టే ఉంది.

బయట మెట్ల మీద బాబాయి నా ముందు ఆగాడు. మూడు నెలల్లో అతని ముఖం నేరుగా చూడటం అదే మొదటిసారి. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

"ఆ ఫొటో నాకొకటి ఇస్తారా సార్? టైముకి మాత్రలు వేసుకోనని మా ఆవిడ రోజూ గొడవ. చూపిస్తా." అతను నవ్వలేదు.

"బాబాయ్, నేను..."

"ఇరవై తొమ్మిదేళ్లు సార్. ఎవర్నీ పడెయ్యలేదు." నా సంచిలో కెమెరా వైపు చూశాడు. "మిమ్మల్ని మాత్రం మన్నించను. రోజూ నా వెనకే కూర్చున్నారు. ఒక్కసారి నన్ను అడగాల్సింది."

అతను రెండు మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"మీ అక్కగారు ఇప్పుడు ఏ బస్సెక్కుతున్నారు?"

"ఏదీ ఎక్కట్లేదు. భయం పట్టుకుంది."

"భయమెందుకు, పద్దెనిమిది ఎక్కమనండి," అన్నాడు అలవాటుగా. అని ఆగాడు. గేటులోంచి పద్దెనిమిది బయటికొస్తోంది, లోపల ఎవరో కొత్త మనిషి. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"వద్దులెండి," అన్నాడు.