జెట్టు బండికి కట్టిన తెల్లెద్దు

నా ఎద్దు తెల్లది. ఈ మాట ఇప్పటికి నూరుసార్లు చెప్పిన, ఇంకో నూరుసార్లు చెప్త. ముత్యం లెక్క తెల్లగ ఉంటదనే దానికి ముత్యాలు అని పేరు పెట్టిన. మరి గా తెల్లెద్దు ఆకుపచ్చగ ఎట్లయిందంటె, అండ్ల నా తప్పు ఇసుమంత గూడ లేదు. తప్పంత మా ఇంటాయనది, పీటర్‌ది, ఇంకా రేడియోల చెప్పిన గా విమానానిది.

మొగని పేరు నోటితోని చెప్పొద్దంటరు. చెప్పకపోతె తిట్టుడెట్ల? సంగప్ప.

ముందుగాల మా రివాజు చెప్త. ఏరువాక పున్నం నాడు జహీరాబాద్‌ల మా గల్లీ రైతులు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, బండ్లు కట్టి ఉరికిస్తరు. బాట కొసకు వేపాకుల తోరణం కట్టి ఉంటది. ఏ బండి ముందుగాల తోరణం తెంపుతదో, దాని వలపటి, అంటె కుడి దిక్కు ఎద్దు రంగు చూస్తరు. తెల్లదైతె ఆ ఏడు అందరు తెల్లజొన్న ఏయాలె, ఎర్రదైతె ఎర్రజొన్న. కాదని ఏసినోని చేన్ల పిట్టలు పడ్తయని పెద్దలంటరు. ఆ పిట్టలకు ఎవరు చెప్పిన్రో నాకు తెల్వదు.

మూడేండ్ల సంది వీరన్న ఎర్రెద్దే తెంపుతున్నది. అంటె మూడేండ్ల సంది ఎర్రజొన్న రొట్టె. కొడ్తుంటె అంచులు పలుగుతయి, చల్లారితె చెప్పు అట్ట లెక్కయితది. మా అత్త గంగమ్మ మాత్రం మా పెద్దలు తిన్న జొన్న అనుకుంట నా ముందటనే కూసొని కసకస నములుతుండె. నేను మూతి ముడిస్తె ఆమెకు ఇంకో రొట్టె ఎక్కువ పోతుండె.

రొట్టె ఒక్కటే అయితె నేను గింత మొత్తుకునేదాన్ని గాదు. మా అమ్మ రాయికోడ్‌ల కన్నుమూసే ముందుగాల నాకు ఒక కుండెడు తెల్లజొన్న విత్తనం ఇచ్చింది. ఇది నా చేతి విత్తనం బిడ్డా, పోగొట్టకు అన్నది. ఆమె పోయినంక మా అన్నలు ఆమె చేను అమ్ముకున్నరు, గా జొన్న ఇప్పుడు ఇంకేడ లేదు. బూడిద కలిపి, వేపాకు ఏసి మూడేండ్లు దాచిన. ఇంకో ఏడు దాస్తె మొలవదు. మాకున్నది ఒక్క చేను, ఎర్రజొన్న ఏస్తె దీపావళి దాంక అది ఖాళీ గాదు. అందుకే ఈ ఏరువాకకు నా తెల్లెద్దు తోరణం తెంపాలె, లేకపోతె మా అమ్మ విత్తనం కుండల్నే సచ్చిపోతది. గిదీ నా గోస.

మా ఇంటాయన గోస వేరు. నిరుడు పాకిస్తాన్ లడాయిల మనోళ్ల చిన్న విమానం పెద్ద విమానాలను కొట్టిందని పంచాయతి రేడియోల విన్నడు. నాట్ అంట దాని పేరు. చిన్నగుంటది, తేలికగుంటది, అందుకే దాన్ని ఎవ్వడు పట్టలేకపోయిండు అనుకుంట తినంగ అదే మాట, పండంగ అదే మాట. ఆఖరికి ఏరువాకకు మన బండినే నాట్ చేస్త అన్నడు. నేను నవ్విన. గని మనిషి పనిల దిగితె రాక్షసుడు. పక్కపలకలు పీకేసి బండిని సగం బరువు చేసిండు. వెదురుబద్దలు వంచి ముందట ముక్కు కట్టి, దానికి నూనె డబ్బాల రేకు తొడిగిండు. రెండు దిక్కుల గోనెపట్ట రెక్కలు. కోహీర్ బాట మీద ఉరికిచ్చి చూస్తె, సైకిల్ మీద పోయే పోస్టుమాన్ బెదిరి గడ్డిల పడ్డడు. నిజం చెప్పాల్నంటె నాకు మస్తు సంబురమైంది. ఆ దినమే విత్తనం కుండ కిందికి దించి దుమ్ము తుడిసిన.

గంతల్నే పీటర్ దిగిండు. పీటర్ మా ఇంటాయనతోని చిన్నప్పటి సంది తిరిగినోడు. బీదర్ల విమానాలు నడుపుడు నేర్పే తావుల గోడలకు రంగులేసే పని. ఏసేది గోడలకే, గని మాటలు మాత్రం ఆకాశంల తిరిగొచ్చినోని లెక్క. బండి చుట్టు రెండుసార్లు తిరిగి, పెదవి ఇరిచి, ఒళ్లు బాగనే ఉన్నది గని లోపటి సామాన్ పాతకాలంది అన్నడు. ఈ కాలపు విమానానికి రేడియో ఉండాలెనంట, దిక్కులు చూపే యంత్రం ఉండాలెనంట, కొత్త తుపాకులు ఉండాలెనంట. ఎద్దుబండికి దిక్కులెందుకయ్యా, ఉన్నది ఒక్క బాటనే గదా అని నేనడిగిన.

"గట్లన్నోళ్లే ఓడిపోయిన్రు వదినె" అన్నడు పీటర్.

ఇగ గల్లీ అందరికి పూనకమొచ్చింది. కిరాణం శరణప్ప తన రేడియో తెచ్చిచ్చిండు. దాని బ్యాటరి గుమ్మడికాయంత, బరువు రెండు గుమ్మడికాయలంత. దర్జి ఎంకయ్య గోడ గడియారం మోసుకొచ్చిండు, దిక్కు తెల్వకున్నా టైమన్న తెలుస్తదని. పట్టపగలు ఉరికే బండికి ముందట పెట్రోమాక్స్ దీపం. ఎనుకకెళ్లి ఎర్రెద్దు వస్తదా లేదా చూసెతందుకు మంగలి ఈరయ్య దుకాన్ల అద్దం. తుపాకులకు రెండు పాత ఇనుప గొట్టాలు, అండ్ల దీపావళికి మిగిలిన పటాకులు. ఇచ్చిన ప్రతోడు తన సామాన్ తానే చూసుకుంట అని బండెక్కి కూసున్నడు. తేలికది, తేలికది అని మొదలువెట్టిన నాట్ మీద ఏరువాక పొద్దుగాల చూస్తె నలుగురు మొగోళ్లు, సగం బజారు. బిడ్డను అత్తగారింటికి సాగనంపుతున్నట్టుండె.

ఎడ్లను కట్టి చూసిన్రు. ఎడమ దిక్కున్న నల్లటి కర్రెద్దు ఒక అడుగేసింది. నా ముత్యాలు అదిగూడ ఎయ్యలే, మెల్లగ మోకాళ్లు వంచి కూసున్నది. దానికున్న తెలివి అండ్ల ఒక్కనికి లేకపాయె.

నాకు మండింది. కొంగు నడుముకు చెక్కి బండెక్కిన. పీటర్ అడ్డమొస్తుంటె, పోయి ఎద్దు కొమ్ములకు రంగెయ్యి పో, నీకొచ్చిన పని గదొక్కటే అని కసిరిన. గా ఒక్క మాట నోట్లనే ఉంచుకుంటె ఎంత బాగుండె. రేడియో దించిన, దాని ఎంబడి శరణప్పను దించిన. గడియారం పోయింది, ఎంకయ్య పోయిండు, పెట్రోమాక్స్ పోయింది. అద్దం దించంగ అండ్ల నా మొకం నాకే కనవడి జర భయమైంది, ఈరయ్య అయితె చెప్పకముందే దుంకిండు. మా ఇంటాయన మాత్రం తుపాకులను కావలిచ్చుకొని ఇడువలే. ఒక్కటన్న ఉండనియ్యవే, తుపాకి లేకపోతె గది విమానం గాదు, డోలి అయితది అని ఏడుపు మొకం పెట్టిండు. ఒక గొట్టం ఉండనిచ్చిన. నేను గూడ మనిషినే గదా.

డప్పు మోగింది. బండ్లు వరుసకు రావాలె. బండి దిగి ఎనుకకు మర్రి చూస్తె నా ముత్యాలు లేదు. దాని తావుల ఆకుపచ్చ ఎద్దు ఒకటి నిలవడి నెమరేస్తున్నది. కొమ్ముల సంది తోక కుచ్చు దాంక పచ్చగ, చెవుల లోపట గూడ పచ్చగ. పీటర్ బురుసు పట్టుకొని మస్తు ఖుషీగ ఉన్నడు. లడాయిల విమానాలకు గిట్లనే చెట్ల రంగు ఏసిన్రంట. తెల్లగుంటె దుష్మన్‌కు మీదికెళ్లి కొంగ లెక్క కనవడ్తదంట. కర్రెద్దు అసలే కనవడదు గనుక దాన్ని ఇడిసిపెట్టిండంట. తన ఇంటి తలుపులకని కొన్న నూనె రంగు, కడిగితె పోయేది గాదు. బురుసు గుంజుకొని వాని నెత్తి మీద ఒక్కటి పెట్టిన. రెండోదానికి టైము లేకపాయె.

బండ్లు ఇడిసిన్రు. వీరన్న ఎర్రెద్దు మొదట్నే ముందుకు పోయింది. సగం బాట కాడ మా బండి రెండు బండ్ల దూరం ఎనుకనే ఉన్నది. నేను బాట ఎంబడి ఉరుకుతున్న. గప్పుడే బండి తోలుతున్న మా ఇంటాయన, దుష్మన్ కనవడ్డడనో ఏమో, నోట్లున్న బీడీ తీసి తుపాకికి అంటువెట్టిండు. తుపాకి ముందుకు చూడాలె గదా, నేను సామాన్ గుంజినప్పుడు అది ఎనుకకు మర్రి ఉన్నది, ఆయన చూసుకోలే. పటాకులన్ని ఒక్కపారే పేలినయి. ఎడ్లు తోకలు లేపి ఉరికిన ఉరుకుడు నేను మళ్ల ఎన్నడు చూడలే. ఒక రెక్క ఊడి వీరన్న మొకం మీద పడ్డది, ముక్కు ఊడి బాట పక్క మురికి మోర్ల పడ్డది. మా ఎడ్లు తోరణం తెంపి, ఆకులు మెడల ఏసుకొని, ఆగకుంట కోహీర్ దాంక పోయినయి. జెట్టు విమానం ఎనుకకెళ్లి పొగ ఇడుసుకుంటనే పోతది, అంత అనుకున్నట్టే అయిందని పీటర్ ఇప్పటికి గూడ చెప్పుకుంటడు.

నేను గెలిచిన. ఎడ్లను పట్టుకొచ్చేదాంక గెలిచిన అనే అనుకున్న.

తీర్పు చెప్పేటాయన పటేల్ మహాదేవప్ప. ఎద్దు చుట్టు తిరిగి, దాని వీపు మీద వేలు పెట్టి రుద్ది, వేలు చూసుకున్నడు. వేలు గూడ పచ్చగైంది. పటేలా, దీని పుట్టుకనే తెల్లది, నా పెండ్లికి దీన్ని తోలుకొచ్చినప్పుడు మీరే చూసిన్రు అని మొక్కిన. అట్లయితె వచ్చే ఏడు నేను దున్నపోతుకు సున్నమేసి తెస్త అన్నడు వీరన్న. పెద్దలు చాలాసేపు గుసగుసలాడిన్రు. ఆఖరికి మహాదేవప్ప గొంతు సవరిచ్చుకున్నడు.

"రివాజు పుట్టిన రంగు అడుగది. తోరణం తెంపినప్పుడు ఏ రంగుండెనో గదే చూస్తది. ఆకుపచ్చ ఎద్దు తెంపింది. ఈ ఏడు అందరు పెసర్లు ఏయాలె."

ఒక్కడన్న నవ్వుతడేమో అని చూసిన. ఒక్కడు నవ్వలే. అందరు నెత్తులూపి, పెసర్ల విత్తనం ఏడ దొరుకుతదో మాట్లాడుకుంట ఇండ్లకు పోయిన్రు.

నేను ఇంటికొచ్చి కుండ ఒళ్లె పెట్టుకొని ఏడ్సిన. సిగ్గు లేకుంట ఏడ్సిన. అమ్మా, నీ విత్తనం నిలవెట్టలేకపోతి, ఒక పచ్చ ఎద్దు, ఇద్దరు పిచ్చోళ్లు కలిసి దాన్ని సంపిన్రు అని ఏడ్సిన. మా ఇంటాయన సగం మీసం కాలిపోయి వచ్చి, గెలిచినం గదనే అన్నడు. నేను చూసిన చూపుకు మళ్ల బయటికే పోయిండు.

అప్పుడు మా అత్త వచ్చి పక్కన కూసున్నది. ఇగ ఎత్తిపొడుస్తదనుకున్న. ఆమె కుండల చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, కొరికి చూసింది.

"పెసర్లు డెబ్బై దినాల పంట. వినాయక చవితి కల్లా చేను ఖాళీ. అటెన్క ఏసుకో మీ అమ్మ జొన్న. అప్పుడు ఏ ఎద్దు ఉరకది, ఎవ్వడు తోరణం కట్టడు" అన్నది.

నా ఏడుపు ఆగిపోయింది. మా రాయికోడ్‌ల గీ జొన్న చలికి ముందుగాల గూడ ఏస్తుండిరి. నాకు తెల్వని ముచ్చట గాదు, గని ఎర్రజొన్న చేన్ల ఉన్నన్ని దినాలు ఆ దిక్కు మనసే పోలే. మూడేండ్ల సంది ఎర్రజొన్న కోసం నాతోని కొట్లాడిన మనిషి చెప్తె గుర్తుకొచ్చింది.

"మరి నీ ఎర్రజొన్న, అత్తా?"

ఆమె వాకిలి దిక్కు చూసి, ఎవ్వరు లేరని నమ్మకమైనంక నోరు తెరిచి చూపెట్టింది. ముందటి పండ్లే ఉన్నయి, దవడకు ఒక్క పన్ను లేదు. రెండేండ్ల సంది రొట్టె నమలరాకపాయెనంట. నా ముందట ఓడిపోవుడు ఇష్టం లేక ఉత్తగ దవడలు ఆడిచ్చి, నీళ్లతోని మింగుతున్నదంట. ఇద్దరం కుండ నడుమ పెట్టుకొని, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వినం.

పెసర్లు బాగనే పండినయి. వినాయక చవితి పోయినంక మా అమ్మ జొన్న ఏసినం. ముత్యాలు మీద రంగు అప్పటికి సగమే పోయింది, చేన్ల నడుస్తుంటె పాచి పట్టిన గోడ లెక్కుండె. ఆ దినం పీటర్ గట్టు మీదికెళ్లి వచ్చి, విత్తనమేసే గొర్రు చుట్టు రెండుసార్లు తిరిగి, పెదవి ఇరిచిండు. నేను కట్టె అందుకునేలోపట మా అత్త అందుకున్నది.

ఐదో దినానికి మొలకలొచ్చినయి. అత్త గట్టు మీద కూసొని వాటినే చాలాసేపు చూసింది.

"మొదటి రొట్టె నాకే పెట్టాలె, బస్వమ్మ" అన్నది. "జర మెత్తగ కొట్టు."