దాదాపు అనే మాట

నేను ఒక సూచనల పత్రాన్ని. కాగితం మీద అచ్చయినదాన్ని కాను. కంప్యూటర్లో పదకొండు పేజీలుగా ఉంటాను. నన్ను చదివేది మనుషులు కాదు, చెప్పిన పనిని తమంతట తామే చేసే ఏఐ ఏజెంట్లు. మనిషయితే సూచనలు సగం చదివి, మిగతా సగం తన తెలివితో పూడ్చుకుంటాడు. చెడ్డ సూచనలతో కూడా లోకం ఇన్నాళ్లూ నడిచిందంటే అందుకే. నా పాఠకులు అలా కాదు, నాలో ఏముంటే అదే చేస్తారు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి నాకు భయమే.

నన్ను రాసింది నఫీసా. ఏలూరు పవర్‌పేటలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో, పిల్లల కోసం కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఉంది. ఆమెకు అది మొదటి ఉద్యోగం. అప్పట్లో వాళ్లు కొల్లేటి పక్షుల మీద ఒక ఆట చేస్తున్నారు. పక్షి కదలికను ఒక్కో భంగిమగా గీసి, ఆ చిన్న బొమ్మల్ని వరుసగా పేర్చి వేగంగా తిప్పితే పక్షి కదిలినట్టే ఉంటుంది. వాటిని స్ప్రైట్లంటారు. ఆ వరుసల్ని కత్తిరించడానికి, అతకడానికి, దిద్దడానికి కంపెనీవాళ్లే కంప్యూటర్లో ఒక పనిముట్టు చేసుకుని, దాన్ని ఏజెంట్ల చేత వాడించాలనుకున్నారు. ఎలా వాడాలో చెప్పడానికి నేను పుట్టాను.

బొమ్మలు గీసినవారు ఇమ్మానుయేలు మాస్టారు. ముప్పై ఏళ్లు కొట్లకు బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, అరవయ్యో ఏట ట్యాబ్ మీద గీయడం నేర్చుకున్నారు. పోయిన చలికాలం నుంచి ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. నలభై వరుసలు అంతకుముందే గీసి ఉంచారు కాబట్టి ఆట ఆగలేదు.

నఫీసా నన్ను మూడు వారాలు రాసింది. ఎనిమిదో పేజీలో, ఒకేలా ఉన్న బొమ్మలు అనవసరం, వాటిని తీసేసి వరుసను భద్రపరచాలి అని రాసింది. ఫైళ్లు ఇంకా చిన్నవి కావాలని యజమాని అన్నాడని గుర్తొచ్చి, కాసేపు ఆలోచించి, ‘ఒకేలా’కు ముందు ‘దాదాపు’ అని చేర్చింది. నాకప్పుడేమీ అనిపించలేదు. తన తప్పు తాను చదువుకునే కళ్లు ఏ పత్రానికి ఉన్నాయి కనుక?

ఒక మంగళవారం పదకొండు గంటలకు ఏజెంటు నన్ను తెరిచింది. పదకొండు పేజీలూ రెప్పపాటులో చదివేసి పనిలోకి దిగింది. మొదటిది కొంగ. చేప కోసం నీళ్లలో కదలకుండా నిలబడే పదహారు బొమ్మలు. రొమ్ము దగ్గర ఒక చుక్క పైకి, ఒక చుక్క కిందికి. బొమ్మకీ బొమ్మకీ అంతే తేడా. ఏజెంటు పద్నాలుగు తీసేసి వరుసను భద్రపరిచింది. నేను చూస్తూనే ఉన్నాను. వద్దనడానికి నాకు నోరేది? తరవాత గూడబాతు. తరవాత నీటికోడి.

నఫీసా యథాలాపంగా తెర వైపు చూసింది. కొంగ వచ్చి వాలీ వాలగానే కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తోంది. ఆమె ఏజెంటును ఆపేసింది. పాత బొమ్మల కోసం వెతికింది. సేవ్ చేసి భద్రపరిస్తే పాతది చెరిగిపోతుందని తొమ్మిదో పేజీలో తనే రాసింది. అయినా వెతికింది.

ఉద్యోగం పోతుందన్న భయం కంటే మాస్టారి ముఖం చూడాల్సి వస్తుందన్న భయం ఎక్కువైంది. ఏజెంటు పాడుచేసిందంటే అందరూ నమ్ముతారు. అలా చెబుదామని కూడా అనుకుంది. గంటసేపు నన్నే మొదటి నుంచి చదివి, ఎనిమిదో పేజీలో ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

మాస్టారు భోజనం చేసి వచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడింది.

“తప్పు ఏజెంటుది కాదు మాస్టారూ. నేను రాసిందే అది చేసిందండి.”

ఆయన తెర ముందు కూర్చుని కొంగను మూడుసార్లు చూశారు.

“ఊపిరి తీసుకోవట్లేదమ్మా ఇది,” అన్నారు. “ఊరికే నిలబడిందనుకున్నావా?” అని అడిగారు.

“అనుకున్నానండి.”

ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీయడం మొదలుపెట్టారు. నాలుగు రోజులకు కొంగ లేచింది, గూడబాతు లేచింది. నీటికోడి దగ్గర చుక్క ఒకచోట నిలవలేదు. పెట్టిన చోటు నుంచి పక్కకు జారేది. ఆరో రోజు ఆయన కలం కింద పెట్టేశారు. నఫీసా తల ఎత్తలేదు.

“దీన్నిక నిలబెట్టలేనమ్మా. నడుస్తూనే ఉండనీ.”

అందుకే ఆ ఆటలో నీటికోడి ఎక్కడా ఆగదు. గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటుంది. పిల్లలకు అదే హుషారుగా ఉందట. యజమాని కూడా బాగుందన్నాడు.

నఫీసా ఎనిమిదో పేజీ మార్చింది. పోలికలున్న బొమ్మలు కనిపిస్తే ముట్టుకోకూడదనీ, గీసినవారిని అడగాలనీ రాసింది. పాతదాని నకలు తీసిన తరవాతే భద్రపరచాలని తొమ్మిదో పేజీలో చేర్చింది. నాలో ఇంకా మూడు వందల పైచిలుకు వాక్యాలున్నాయి. వాటిలో ఏది ఎవరి ఊపిరి తీస్తుందో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

ఈ ఉదయం మిగిలిన ముప్పై ఏడు వరుసలూ ఏజెంటుకు అప్పగించారు. నఫీసా కుర్చీ దగ్గరికి లాక్కుని, చెయ్యి ఆపే మీట మీద పెట్టి కూర్చుంది. ఏజెంటు నన్ను చదవడం అయిపోయింది.