అందరూ వచ్చాక పడే తలుపు

సాయంత్రాలు ఆ ఇంటికి మొదట చేరేది చిట్టి. సంచి ఒక మూలకి, బూట్లు ఇంకో మూలకి విసిరేసి, "నానమ్మా, ఆకలి!" అంటూ వంటింట్లోకి దూసుకుపోయేది. కాసేపటికి దాని అక్క వచ్చేది. పదో తరగతి చదివే ఆ పెద్దపిల్ల తన బూట్లతోపాటు చెల్లెలి బూట్లు కూడా జతగా సర్ది లోపలికి వచ్చేది. ఆ తర్వాత పోస్టాఫీసు కౌంటరులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న వాళ్ళమ్మ. ఆ వెనక, లిఫ్టులు బాగుచేసే వాళ్ళ నాన్న, చేతులకి గ్రీజు మరకలతో. అందరికంటే ఆఖర్న బాబాయి, వీధి మలుపులో ఇంకా రెండు కబుర్లు మిగిలిపోయాయే అన్న మొహంతో. బాబాయి రెండో కాలు కూడా లోపల పెట్టాక నానమ్మ వీధి తలుపుని చిటికెనవేలితో తాకితే చాలు, టక్కుమని పడేది.

అంతవరకూ ఎంతటివాళ్ళు తోసినా పడేది కాదు. బొటనవేలు పట్టేంత సందు ఉంచుకుని ఆగిపోయేది. ఇంట్లోవాళ్ళంతా చేరితేగానీ మూసుకోకపోవడం ఆ తలుపు అలవాటు. వీధిలో అందరికీ తెలిసిందే. "ఏమ్మా, మీ చిన్నబ్బాయి ఇంకా రాలేదా, తలుపు తెరిచుంది?" అని అడిగి తమ దారిన పోయేవాళ్ళు.

ఊరెళ్ళాల్సి వస్తే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బయల్దేరేవాళ్ళు ద్వారబంధం మీద అరచెయ్యి ఆనించి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నాళ్ళుంటారో తలుపుకి చెప్పాలి. చెప్తే వాళ్ళు తిరిగొచ్చేవరకూ వాళ్ళకోసం ఆగేది కాదు. నానమ్మ కాపురానికొచ్చిన కొత్తలో వాళ్ళ మామగారు చెప్పకుండా సంతకి వెళ్ళి, దారిలో జ్వరంతో పడిపోయాడట. తలుపు పడలేదు కాబట్టే మనుషులు వెతకడానికి వెళ్ళారు, దేవుడి దయవల్ల దొరికాడు. ఇంకొక్క సంగతి నానమ్మ ఎవరితోనూ అనేది కాదు. తాతయ్యని సాగనంపి ఇంటికొచ్చిన రోజు, ఎవరూ ముట్టుకోకుండానే తలుపు దానంతటది పడిపోయింది. పోయినవాళ్ళకోసం అది ఆగదు. ఆ చప్పుడు ఆవిడ చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ ఏడాది చలికాలం మొదట్లో ఒకరోజు బాబాయి వచ్చాడు, రెండు కాళ్ళూ లోపల పెట్టాడు. నానమ్మ చిటికెనవేలు ఆనించింది. తలుపు కదల్లేదు.

"మళ్ళీ బయటికెళ్ళి రారా," అంది నానమ్మ.

బాబాయి వెళ్ళొచ్చాడు. లాభం లేదు. అందరూ వరసగా వెళ్ళొచ్చారు. చిట్టి సరదాపడి ఇంకోసారి కూడా వెళ్ళొచ్చింది. బొటనవేలి సందు అలాగే ఉంది.

నానమ్మ ఒక్కొక్కళ్ళనే పిలిచింది. "పెద్దోడా!" "ఉన్నానమ్మా." "కోడలా!" "ఇక్కడే ఉన్నానత్తయ్యా, ఎక్కడికి పోతాను!" "చిన్నోడా!" "హాజర్!" "చిట్టీ!" "ఉన్నా ఉన్నా ఉన్నా!" "పెద్దమ్మలూ!" గోడవార కూర్చున్న పెద్దపిల్ల తలెత్తి, "ఉన్నాను," అంది. అందరూ ఉన్నారు. అయినా ఎవరో రాలేదని ఆ తలుపు నమ్మకం.

"నాకోసమే," అన్నాడు బాబాయి కాలర్ సర్దుకుంటూ. "నాకు కాబోయే ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. తలుపుకి ఉన్న ఆత్రం కూడా మా అన్నావదినలకి లేదు."

"నిన్ను చూసి పిల్లనిచ్చేవాళ్ళకోసమైతే ఇంక జన్మలో పడదు," అంది వదిన. అత్తగారు తన నడుంవైపు అదోలా చూడటం గమనించి కంగారుపడింది. "ఏంటత్తయ్యా అలా చూస్తారు? అలాంటిదేం లేదు! ఉన్న ఇద్దరితోనే నా పని అయిపోతోంది."

వాళ్ళ నాన్న మడతబందులకి నూనె పోశాడు. దీపం పెట్టి సందులోంచి చూశాడు. "లిఫ్టు తలుపు పడకపోతే మధ్యలో ఏదో అడ్డముందనుకుంటాం. ఇక్కడ అడ్డమేం లేదే!"

"అడ్డం కాదురా," అంది నానమ్మ. "ఎవరో తక్కువ."

"అందరం ఇక్కడే ఉన్నాం కదమ్మా!"

నానమ్మ మళ్ళీ ఒక్కొక్క తలా లెక్కపెట్టింది.

వడ్రంగిని పిలిచారు. అతను అంచంతా చిత్రికపట్టి, పొట్టు ఊడ్చి, తలుపు తోసి చూశాడు. సందు ఇంకాస్త పెద్దదయింది. "చుట్టాలెవరైనా రావాల్సుందేమో గుర్తుచేసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. దూరపు మేనత్తల్ని, ఎప్పుడో మాటలు మానేసిన పెదనాన్నల్ని గుర్తుచేసుకుని ఫోన్లు చేశారు. అందరూ తమ ఇళ్ళలో క్షేమంగా ఉన్నారు. నానమ్మ ప్రార్థనలో కూర్చుని, ఎవరిని తీసుకురమ్మని అడగాలో తెలియక, "రావాల్సినవాళ్ళని తీసుకురా స్వామీ," అని మాత్రం అనేది.

సందులోంచి చలిగాలి వచ్చేది, దోమలు వచ్చేవి, పక్కింటి పిల్లి వచ్చి పాలు తాగి పోయేది. వాళ్ళ నాన్నకి చిరాకు పెరిగింది. చెయ్యి కడుక్కుంటూ కూడా తలుపు మీదే అరిచేవాడు.

ఇంత గందరగోళంలోనూ ఒక్క విషయానికి మాత్రం అందరూ సంతోషించారు. పెద్దపిల్ల మంచిదైపోయింది. కిటికీ పక్క మంచంకోసం చెల్లెలితో పోట్లాట మానేసింది. టీవీ చానెల్ మార్చమనడంలేదు. పెట్టింది తింటోంది, అదీ కొంచెమే. బడిలో చిత్రలేఖనానికి బహుమతిగా వచ్చిన రంగుల డబ్బా ఉండేది. ఎవరైనా మూత తెరిస్తే ఇల్లు ఎగరగొట్టేది. అది కూడా చెల్లెలికి ఇచ్చేసింది.

"అక్క నాకిచ్చేసింది! ఊరికే!" అని చిట్టి ఇల్లంతా ఊరేగింది.

"పెద్దదవుతోంది కదా, బుద్ధొచ్చింది," అంది వాళ్ళమ్మ, పక్కింటావిడ వినేలా.

ఒకరోజు సంధ్యవేళ నానమ్మ ఆరిన బట్టలు తీసుకుని పెరటివైపునుంచి వస్తూ ఆగిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. చిట్టి పక్కింట్లో ఉంది. పెద్దపిల్ల వీధి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సంచి లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. ద్వారబంధం మీద అరచెయ్యి ఆనించి, చెక్కకి నోరు దగ్గరపెట్టి ఏదో చెప్తోంది. చాలాసేపటినుంచి చెప్తున్నట్టుంది.

నానమ్మకి అర్థంకాలేదు. బడివాళ్ళు ఎక్కడికైనా తీసుకెళ్తున్నారా? ఆవిడ బట్టలు అక్కడే నేలమీద పెట్టేసింది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

పిల్ల ఉలిక్కిపడి చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. "ఇది వినట్లేదు నానమ్మా. రోజూ చెప్తున్నాను, నాకోసం ఆగొద్దని. అర్థం చేసుకోదు."

"నీకోసమా? నువ్విక్కడే ఉన్నావుగా తల్లీ."

"ఏమో." ఆ పిల్ల తన చేతులని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "క్లాసులో హాజరు పిలుస్తారు, పలుకుతాను. నువ్వు పిలుస్తావు, పలుకుతాను. కానీ నేను ఎక్కడున్నానో నాకే తెలీట్లేదు. నావల్లే కదా ఇది పడట్లేదు? చలి, దోమలు, నాన్న అరుపులు. నేను లేకపోతే పడిపోతుంది. మీకందరికీ హాయిగా ఉంటుంది."

నానమ్మ దగ్గరికి వచ్చింది. గడపమీద కూలబడి, పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ మాట అంటే తగులుతుందేమోనన్న భయం లోపల ఉంది. అయినా అడిగింది, మెల్లగానే అడిగింది.

"చచ్చిపోవాలనుకుంటున్నావా అమ్మా?"

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. పిల్ల తల ఊపింది. అవునన్నట్టే ఊపింది.

"ఎందుకని మాత్రం అడక్కు. మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను?"

"అడగను. తెలిస్తేనే చెప్పాలని ఎక్కడుంది?" నానమ్మ ఆ చెయ్యి వదల్లేదు. "నువ్వు ఒకటి తప్పు లెక్క వేశావు. తలుపు తెరిచుంటే నాకు కష్టం కాదే. చలేస్తే దుప్పటి కప్పుకుంటా, దోమ కుడితే చరుచుకుంటా. తాతయ్య పోయినరోజు ఇది ఎంత తేలిగ్గా పడిందో తెలుసా? హాయేం లేదు. ఆ రోజునుంచీ ఈ తలుపు పడ్డప్పుడల్లా ఒక్క క్షణం నా గుండె ఆగుతుంది."

పిల్ల అప్పుడు ఏడ్చింది. నానమ్మ దాని వీపు నిమురుతూ కూర్చుంది. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి, గడప దాటలేక, బయటే నిలబడిపోయారు.

నానమ్మ చెప్పింది విన్నాక వాళ్ళ నాన్న మొహం ఎర్రబడింది. "ఏం తక్కువ చేశామే నీకు? ఈ ఇంట్లో..."

"ఒరేయ్," అంది నానమ్మ, గొంతు పెంచకుండానే. "ఇది నువ్వు లెక్కలడిగే వేళ కాదు. నోర్మూసుకుని దాని పక్కన కూర్చో."

ఆయన గ్రీజు చేతులతోనే కూర్చున్నాడు. కూతురివైపు తిరిగి, "నాకు తెలీదమ్మా ఏమనాలో," అన్నాడు. ఆ పిల్ల వాళ్ళ నాన్న భుజానికి ఆనుకుంది.

ఆ రాత్రినుంచి ఆ పిల్లని ఒంటరిగా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ సెలవు పెట్టి, పిల్లతో కలిసి బడికి వెళ్ళింది. "మా బడిలో ఇలాంటివి ఉండవండీ," అని మొదలుపెట్టిన హెడ్మాస్టరు, ఆవిడ కుర్చీలోంచి లేవకపోయేసరికి, ఆటసామాన్ల గది పక్క గది చూపించాడు. వలలకీ బంతులకీ మధ్య అక్కడ ఒకావిడ కూర్చుంటుంది. పిల్లలు ఆవిడని వినే మేడమ్ అంటారు. ఆవిడ ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. పిల్ల ఒప్పుకున్నాక వాళ్ళమ్మని పిలిచి, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపించింది. ఇంట్లో ప్రమాదం కాగలిగినవేవైనా ఉంటే పిల్లకి అందకుండా తీసేయమంది. సాయంత్రం తనే ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూ తలుపుకేసి చూసి, "సందు ఎంతుంది?" అని అడిగింది, జ్వరం ఎంతుందని అడిగినట్టు.

"రెండు వేళ్ళు," అంది చిట్టి.

"ఇంక దాన్ని తొయ్యకండి. పిలిచినప్పుడు ఉన్నానని చెప్పాలని కూడా బలవంతం లేదు. ఎంతవరకు ఉంటే అంత చెప్తే చాలు."

అలా ఆ ఇంట్లో హాజరు పిలుపు మారిపోయింది. "పెద్దమ్మలూ!" అంటే ఒకరోజు "సగం" అనేది. ఒకరోజు "ఇవాళ అసలు లేను" అనేది. అప్పుడు ఎవరో ఒకరు పనులు మానుకుని పక్కన కూర్చునేవాళ్ళు. బాబాయి "నేను మెడవరకే ఉన్నా, బుర్ర ఇంకా రాలేదు" అంటే, "అది ఎప్పుడొచ్చింది గనక!" అనేది వదిన. ఒకసారి వాళ్ళ నాన్న కూడా, అందరూ ఆశ్చర్యపోయేలా, "నేనూ ఇవాళ సరిగ్గా లేను," అన్నాడు. పెద్దపిల్ల లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

మందులు వాడుతూనే ఉంది. వినే మేడమ్ గదికి వెళ్తూనే ఉంది. సందు ఒక వేలికి తగ్గేది, మళ్ళీ రెండు వేళ్ళయ్యేది. ఎందుకు తగ్గిందో, ఎందుకు పెరిగిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. పిల్లికి మాత్రం విడిగా ఒక గిన్నె పెట్టడం మొదలుపెట్టారు.

ఎండలు మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున అందరూ ఇంట్లోనే ఉన్నారు. నానమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. వీధివైపునుంచి వినబడింది.

టక్.

ఎవరూ ముట్టుకోలేదు. దానంతటది పడింది.

నానమ్మ చేతిలోంచి గిన్నె జారిపోయింది. తాతయ్య పోయినరోజు చప్పుడు అది. అదే చప్పుడు. తడిచేతులతోనే గోడ పట్టుకుంటూ పరిగెత్తింది. ముందుగదిలో కొడుకు నిద్రపోతున్నాడు. కోడలు తల దువ్వుకుంటోంది. చిన్నోడు పేపరులో తలదూర్చాడు. పిల్లలు? పిల్లలేరీ?

పిల్లల గదిలోంచి కేక వినబడింది.

"నాది! ఇచ్చెయ్ అంటున్నానా!"

"ఇచ్చేశావుగా! ఊరికే ఇచ్చేశావు!"

"ఇప్పుడు ఇవ్వట్లేదు! నా రంగుల డబ్బా నాక్కావాలి, రేపు బొమ్మ వెయ్యాలి! వదులు, జుట్టు పీకుతా!"

పెద్దపిల్ల ఒకవైపు, చిట్టి ఒకవైపు పట్టుకుని లాగుతున్నారు. మూత ఊడి రంగులన్నీ మంచం కిందికి దొర్లాయి. చిట్టి నానమ్మని చూడగానే ఏడుపు లంకించుకుంది. "చూడు నానమ్మా, అక్క మళ్ళీ చెడ్డదైపోయింది!"

నానమ్మ గుమ్మానికి చేరబడి ఊపిరి పీల్చుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, కళ్ళు కూడా తుడుచుకుంది.

"ఇచ్చెయ్యవే చిట్టీ," అంది. "దాని డబ్బా దానికిచ్చెయ్."