తడిగోడ మీద ముసలావిడ

తడిసున్నం వాసన. చల్లగా, ముక్కు లోపల సన్నగా మండేలా…

రెండు వేల తొమ్మిది, మే నెల. అమెరికాలో, చాండ్లర్‌లో, కూతురింటి గరాజ్‌లో ఆ వాసన వస్తుందని నాగమల్లేశ్వరమ్మ ఎన్నడూ అనుకోలేదు.

వాళ్ల నాన్నది సున్నపు గానుగ. ఎద్దు వెనక తిరిగి తిరిగి పెరిగిన పిల్ల. బడి మొహం చూడలేదు గాని, సున్నం మొహం చూస్తే చెప్పేస్తుంది — పదునెంత, ఎంతసేపు ఆగుతుంది.

మనవరాలు నమ్రతకి కాలేజీలో ఆఖరి ప్రాజెక్ట్. ఏడు వందల ఏళ్ల కింద ఇటలీలో ఒక షావుకారి కుటుంబం తమ ఇంటివాళ్ల కోసమే కట్టించుకున్న చిన్న చర్చి. దాని గోడ మీది బొమ్మని అప్పటి పద్ధతిలోనే, నిలువెత్తు పలక మీద వేయాలి.

తడి ఆరేలోపు రంగు పడాలి.

ఆరితే సున్నం రంగుని పట్టదు.

ఏ రోజు ముక్క ఆ రోజే.

ఇవాళ్టిది చివరి ముక్క — మోకాళ్ల మీద కూర్చున్న ముసలావిడ ముఖం. సాయంత్రం ఐదింటికి ప్రొఫెసర్ వచ్చి చూస్తుంది.

"ఎవరే ఈవిడ?"

"చర్చ్ కట్టించినవాళ్ల గ్రాండ్‌మా, అమ్మమ్మా."

"అంత ఉన్నోళ్లు, చెవులకి ఏమీ పెట్టలేదేం పాపం!"

"నవ్వించకు. చెయ్యి షేక్ అవుతుంది."

నాగమల్లేశ్వరమ్మ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ముఖం వచ్చేసింది. ముడతల వెనకనుంచి ఆవిడ ఏదో అనబోతున్నట్టు…

అంత బాగా వచ్చింది.

చేపముక్కలకి పసుపు పట్టిస్తూ మధ్యలో లేచి వచ్చిన చెయ్యి. అరవై ఏళ్ల అలవాటు — తడిగోడ కనబడితే వేలితో పదును చూడడం.

చూసింది.

బొమ్మ చెంప మీద ఎర్రగీత.

పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపే. ఎన్ని పెళ్లిళ్లకి పారాణి కలిపిన మనిషి! ఆమెకి ఒకరు చెప్పాలా?

"అమ్మమ్మా!"

ఒక్క మాటే. నమ్రత తడిగుడ్డతో అద్దింది… ఎరుపు ఇంకా పాకింది.

"తిట్టవే. నోరారా తిట్టు."

"త్రీ అవర్సే ఉంది. ఇలా మళ్లీ రాదు అమ్మమ్మా. ఈ ఫేస్ మళ్లీ రాదు."

నాగమల్లేశ్వరమ్మ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. తాపీ తీసుకుంది. నమ్రత అటు తిరిగింది.

ముఖం రెండు పెళ్లలై కింద పరిచిన పేపర్ మీద పడింది.

"ముందు పలకకి నీళ్లు తాగించు. లేకపోతే మన తడి అది తాగేస్తుంది."

తనే కొత్త సున్నం పట్టించింది. సాపు చేసింది. చెయ్యి మరిచిపోలేదు.

"ఇంక టచ్ చెయ్యకు, ప్లీజ్."

నాగమల్లేశ్వరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. కుంచె నుదుటి దగ్గర మొదలైంది. ఒక కన్ను వచ్చింది. రెండోది…

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

వెనక, వేళ్లు జిలపెడుతున్నాయి — తడి ఉందో, లేదో… ఒక్కసారి, ఒక్క వేలితో…