మూడో జాబితా

ఆశకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. భర్త నాగబాబు బోటు నంబరు మూడో జాబితాలో పడితే, దాన్ని ఊరందరికంటే ముందు తనే చూడాలి. ఎందుకంటే ఆ జాబితా టైపు చేసేది తనే.

పొద్దున్నే ఆఫీసులో పాత జాకెట్టు గుడ్డతో కీబోర్డు తుడుస్తూ కూడా అదే భయం. ఫిషింగ్ హార్బర్లో కీబోర్డుకు దుమ్ము పట్టదు, ఉప్పు పడుతుంది. మీటల సందుల్లోంచి తెల్లగా రాలిన దాన్ని అరచేత్తో దులిపి, తన ముందున్న తెరా, కిటికీ వైపు తిప్పిన తెరా రెండూ వెలిగించింది. కిటికీ గ్రిల్లుకు అవతల అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు చేపల గంపలు దింపుకుని నిలబడి ఉన్నారు.

అది రెండువేల ఐదో సంవత్సరం. బోటు ఓనర్ల సంఘం వాళ్లు కొత్తగా ఒక వెబ్ పేజీ చేయించుకున్నారు. ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని ఓనర్లు దాన్ని చూసుకుంటారు, కిటికీ దగ్గర నిలబడి ఆడవాళ్లు చూసుకుంటారు. అందులో ఉండేవి మూడే జాబితాలు. రేవు చేరిన బోట్లు, సముద్రంలో ఉండి వైర్‌లెస్‌లో పలుకుతున్న బోట్లు, పలకని బోట్లు. వెనక గదిలో పోలిరాజు తాత రేడియో ముందు కూర్చుని ఒక్కో బోటునూ పిలిచి చీటీలు రాసిస్తాడు. ఆశ వాటిని ఎక్కిస్తుంది. మూడో జాబితాలో చాలా రోజులు ‘లేవు’ అన్న ఒక్క మాటే ఉంటుంది. ఆ మాట కొట్టేటప్పుడు ఆమె వేళ్లు తేలిగ్గా ఆడతాయి.

ఆమె పాదాలకు టేబులు కింద రబ్బరు చెప్పులు తగులుతున్నాయి. నాగబాబువి. చెప్పులతో ఎవరూ బోటెక్కరు. మిగతావాళ్లు ఐసు ప్లాంటు అరుగు మీద విడిచిపోతారు. ఇతను మాత్రం పెళ్లాం టేబులు కిందే విడుస్తాడు. తొమ్మిది రోజుల కిందట వేటకు పోతూ, “ఆఫీసరమ్మా, నా బూట్లు జాగర్త. తిరిగొచ్చేసరికి అరిగిపోకుండా సూడు,” అన్నాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఇచ్చింది ఆశే.

పది పాసై ఇంటర్లో చేరింది గానీ, మొదటి ఏడాది పరీక్షలు రాయకముందే పెళ్లయింది. కూతురు చిలక పుట్టాక, ఆ పిల్లను చంకనేసుకునే గాజువాక వెళ్లి టైపు నేర్చుకుంది. అక్కడే సత్యం సార్ కనిపించాడు. గోదావరి మనిషి. ఉక్కు ఫ్యాక్టరీలో చేసే అన్నయ్య ఇంటి మేడ గదిలో ఉంటూ, అడిగినవాళ్లకు వెబ్ పేజీలు కట్టిస్తాడు. ఈ పేజీ కట్టిందీ, ఆశను ఈ కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆయనే. కుర్చీలో కూర్చున్నా ఆమె మనసు ఇంట్లోనే ఉంటుంది. మూడేళ్ల పిల్ల నీళ్ల డ్రమ్ములోకి తొంగి చూసిందేమో, చింతగింజ మింగిందేమో. అత్త గురువమ్మ నడుం విరిగి మూలన కూర్చుంది, పిల్ల పరిగెడితే పట్టుకోలేదు. ఆ నడుం విరగడమూ ఆశ తప్పే.

ఆషాఢంలో జరిగింది. పేజీ అందంగా ఉండాలని, పైన ఊరి పేరూ, తేదీ, దాని కింద జాబితాల శీర్షికలూ వచ్చేలా ఆశ తనంతట తనే మార్చబోయింది. మొదటి జాబితా ఉన్న ఫైలును లోపలికి పిలిచే మాట శీర్షికల కంటే పైన రాసేసింది. పిలిచీ పిలవగానే ఆ ఫైలు తనలో ఉన్నదంతా పేజీ నెత్తిన కుమ్మరించేసింది. ఆ రోజు రేవు చేరింది ఒకే బోటు. తెర మీద అన్నిటికంటే పైన, శీర్షిక లేకుండా, ఒంటరిగా 417. గురువమ్మకు అక్షరం రాదు, కొడుకు బోటు నంబరు మాత్రం వచ్చు. “నా కొడుకుది ఒక్కటే ఏటి అలా ఉంది?” అంటూ, పలకని బోటు అదొక్కటే అనుకుని, గంపతో సహా ఆఫీసు మెట్ల మీద పడిపోయింది. అప్పటికి నాగబాబు నిక్షేపంగా ఐసు ప్లాంటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. తల్లిని ఎత్తుకుని ఆటో ఎక్కించింది అతనే.

అప్పుడు సత్యం సార్ రెండు బస్సులు మారి వచ్చి నేర్పాడు. “ఇంక్లూడ్ అన్నావంటే ఆ ఫైలు ఆగదమ్మా, అక్కడికక్కడే వాగేస్తుంది. ముందు దాని నోరు పట్టుకో. ఇదిగో, ఓబీ స్టార్ట్. ఇప్పుడు ఎంత వాగినా బయటికి రాదు, లోపలే ఉంటుంది. వాగడం అయ్యాక ఒక పేరు పెట్టి దాచుకో. నీకు ఎక్కడ కావాలో అక్కడ ఎకో అను, అప్పుడు వదులుతుంది.” లేవబోతూ మళ్లీ కూర్చుని అన్నాడు. “పట్టుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట వదలాలి సుమా. వదలకపోతే అది ఉన్నట్టే ఎవరికీ తెలీదు.”

గురువమ్మ మాత్రం ఈ పొద్దున కూడా సాగనంపుతూ అంది. “ఎల్లెల్లు. నీ టీవీ నా నడుం ఇరగ్గొట్టీసింది. ఇయ్యాల ఇంకెవుల్ది ఇరగ్గొడతాదో.”

మూడు రోజుల కిందట వాయుగుండం అన్నారు. బోట్లన్నీ వెనక్కి తిరిగాయి. నిన్న సాయంత్రం దాకా 417 రెండో జాబితాలోనే ఉంది, పలుకుతూనే ఉంది. ఈ పొద్దున పోలిరాజు తాత రెండు చీటీలే ఇచ్చాడు.

“మూడోది ఏదీ తాతా?”

“ఇంకా అవలేదమ్మా,” అన్నాడు రేడియో వైపు తిరిగి.

రెండు చీటీల్లోనూ 417 లేదు. ఇంకా పిలుస్తున్నాడేమోలే అనుకుంది. మూడో దాంట్లో నిన్నటి ‘లేవు’ అలాగే ఉంచింది.

పదకొండింటికి చెప్పకుండా సత్యం సార్ వచ్చాడు. ఎప్పుడూ పక్కన నిలబడి ఆమె చేతనే చేయించే మనిషి, ఆ రోజు, “చిన్న మార్పు ఉందమ్మా, నువ్వెళ్లి టీ తాగిరా,” అని ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తాగొచ్చేసరికి లేచి సంచీ తగిలించుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, “మధ్యాహ్నం ఇంటికెళ్తావుగా?” అని అడిగాడు. వెళ్తానంది. తల ఊపి వెళ్లిపోయాడు.

కిటికీ అవతల నుంచి పోతమ్మ అరిచింది. “ఆశా, మీ ఆయన బోటు కనిపించదేటే? పైన సూత్తే లేదు, కింద సూత్తే లేదు. నీ మిసను మింగీసిందా?”

ఆశ చూసింది. మొదటి జాబితా ఉంది, రెండోది ఉంది. మూడో దానికి శీర్షిక కూడా లేదు. సార్ కూడా తనలాగే తప్పు చేశాడని ఒక్క క్షణం లోలోపల నవ్వొచ్చింది. సరిచేద్దామని ఫైలు తెరిచింది.

ఓబీ స్టార్ట్ ఉంది. మూడో జాబితాను పిలిచిన ఇంక్లూడ్ ఉంది. దాచుకున్న పేరూ ఉంది. దాని కింద ఎకో లేదు. కింద దాకా వెతికింది, మళ్లీ పైనుంచి వెతికింది. పట్టుకున్నాడు, వదల్లేదు.

వదలడం మరిచిపోయే మనిషి కాదు ఆయన. తాత తనకివ్వని మూడో చీటీ ఆయన చేతికి చేరి ఉండాలి.

మూడో జాబితా ఉన్న ఫైలు పక్కనే ఉంది. మౌసు ఒక్కసారి నొక్కితే తెరుచుకుంటుంది. ఆమె వేలు మౌసు మీద అలాగే ఉండిపోయింది. నొక్కలేదు.

ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. చెడ్డ కబురు ఎవరూ గాలివాటుగా వినకూడదు, రాతలో చూడకూడదు. పెద్దమనిషి ఒకడు ఇంటికి వెళ్లి, గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు అడుగుతాడు. ఇంటివాళ్లు ఇస్తే తాగి, అప్పుడు చెబుతాడు. ఇంటి నీళ్లు తాగనిదే నోరు విప్పడు. ఈ రేవులో ఇప్పుడు ఆ పెద్దమనిషి పోలిరాజు తాతే.

ఒంటిగంటయింది. ఆశ రోజూ ఇంటికి వెళ్లి చిలకకు అన్నం కలిపి పెట్టే వేళ. ఈ రోజు లేవలేదు. తను ఇంట్లో లేకపోతే గుమ్మంలో కూర్చున్నవాడు ఎవరికి చెబుతాడు? మొదటి జాబితాలో సరిగ్గా ఉన్న నంబర్లనే చెరిపి మళ్లీ కొట్టింది. వెనక గదిలో రేడియో గురగురలాడుతోంది, పిలిచే గొంతు లేదు. తాత కుర్చీ ఖాళీ.

మూడింటికి వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కాళ్లకు మోకాళ్ల దాకా ఇసక.

“మీ ఇంటికాడికి ఎల్లొత్తన్నాను,” అన్నాడు.

ఆశ తెర వైపే చూస్తోంది. “పాప తిన్నాదా తాతా?”

“తిన్నాది. మీ అత్త పాకుతూ ఎల్లి ఎట్టింది.” తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “మీ అత్త నీల్లు ఇయ్యలేదమ్మా. బిందె ఎనక్కి తోసీసింది. మా ఇంట నీల్లు లేవు, ఎవులింటికైనా ఎల్లి తాగు ముసిలోడా అని తిట్టి పోసింది. రెండు గంటలు కూకున్నాను. సుక్క ఇయ్యలేదు.”

ఆశ టేబులు కింద చెప్పుల్ని కాలితో దగ్గరికి లాక్కుంది.

“మీవోడితో ఎల్లిన కుర్రోల్ల ఊరు ఏరే కదా, ఆడికి ఏరే పెద్దలు ఎల్లారు. మీ ఇంటికి నానే. ఎండన పడి నడిసొచ్చినాను తల్లీ. నువ్వైనా కాసిన్ని నీల్లు ఇయ్యి.”

ఆమె సీసా టేబులు మీదే ఉంది, సగం దాకా నీళ్లున్నాయి. అత్తలాగా దాన్ని కూడా వెనక్కి తోసేస్తే? ఈ ముసలాయన రేపు మళ్లీ వస్తాడు, ఎల్లుండి మళ్లీ వస్తాడు, దాహంతోనే. సీసా అందుకుని మూతను పళ్లతో పట్టి తిప్పి ఇచ్చింది.

పోలిరాజు తాత పెదాలకు తగలకుండా ఎత్తి, కళ్లు మూసుకుని తాగాడు. మూత పెట్టి సీసాను ఆమె ముందు మెల్లగా ఉంచాడు.

“రాత్రి పెద్ద కెరటానికి తిరగబడింది. పక్క బోటోల్లు తెల్లారేదాకా ఎతికినారు. ఐసు గది మూత ఒకటే దొరికింది. దాని మీద నంబరుంది.”

ఆశ కీబోర్డు ముందుకు లాక్కుంది. రెండో జాబితా కింద శీర్షిక కొట్టింది. దాని కింద ఎకో అని కొట్టి, సార్ దాచుకున్న పేరు రాసింది. పేజీ ఒకసారి మిణుకుమని మళ్లీ వచ్చింది. 417 ఈసారి పైన ఒంటరిగా పడలేదు. ఉండాల్సిన చోటే, దాని శీర్షిక కిందే వచ్చింది.

మీరెప్పుడైనా ఫిషింగ్ హార్బర్ వైపు వెళితే, ఆ గ్రిల్లు కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆమెను పలకరించండి. పాప బాగుందా అనీ, నువ్వు అన్నం తిన్నావా అనీ అడగండి. బోటు సంగతి అడగొద్దు. జవాబు రాకపోతే కాస్త వంగి టేబులు కింద చూడండి. రబ్బరు చెప్పులు జతగా ఉంటాయి. ఆ ఉప్పుగాలిలో కూడా ఎడమ చెప్పు పిన్నీసు, ఎవరో రోజూ తుడుస్తున్నట్టు, తుప్పు లేకుండా తెల్లగా మెరుస్తుంటుంది.